గాలిలో కార్బన్‌కు సరిపోయే ప్రమేయం కోసం

మనిషి వల్ల భూమి ఎంత వేడెక్కుతుందన్న లెక్క కంప్యూటర్ల కాలంలో పుట్టింది కాదు. 1896లోనే స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ ఆ లెక్కను చేత్తో చేశాడు. కార్బన్ డయాక్సైడ్ గుణశ్రేఢిలో పెరిగితే ఉష్ణోగ్రత అంకశ్రేఢిలో పెరుగుతుందని తేల్చాడు. అంటే అది సంవర్గమాన ప్రమేయం (లాగరిథమ్ ఫంక్షన్). ఆ వాయువు 280 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 280 భాగాలు) నుంచి 560 అయితే ఎంత వేడి పెరుగుతుందో, 560 కాస్తా 1120 అయినా దాదాపు అంతే పెరుగుతుంది. రెట్టింపుకు 5-6 డిగ్రీలని ఆయన అంచనా. ఇప్పటి అంచనాలు 3 డిగ్రీల చుట్టూ ఉన్నాయి. అంకె తగ్గింది కానీ ప్రమేయం మారలేదు.

ఈ ప్రమేయం పోనుపోను నెమ్మదిస్తుంది కదా, ఇంకేం టెన్షన్ అనిపిస్తుంది. కానీ గాలిలో వాయువు చక్రవడ్డీలా పెరుగుతూ పోతే ఆ నెమ్మది ఎందుకూ పనికిరాదు. వేడి సరళరేఖలో ఎక్కుతూనే ఉంటుంది.

అసలు వాయువు ఎలా పెరుగుతోందో కచ్చితంగా తెలిసింది 1958లో, హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టాక. అప్పుడు సుమారు 315 పీపీఎం. 2013 మే నెలలో రోజువారీ సగటు మొదటిసారి 400 దాటింది.

ఆ గ్రాఫ్‌కు సమీకరణం రాయబోతే అసలు సంగతి బయటపడుతుంది. ఉత్తరార్ధగోళంలో మొక్కలు ఎదిగే కాలంలో గీత దిగుతుంది, తర్వాత మళ్లీ ఎక్కుతుంది. కాబట్టి అలలా ఎక్కిదిగే సైన్ ప్రమేయం కావాలి. అయితే దిగడానికి పట్టేది నాలుగైదు నెలలే, ఎక్కడానికి ఏడు నెలల పైమాటే. ఒక్క సైన్‌తో పని జరగదు, ఆరు నెలలకోసారి తిరిగొచ్చే సైన్ ఇంకొకటి కలపాలి. ఇదంతా ప్రకృతి వంతు.

మన వంతు ఆ అలల కింద ఉంది. 1960లలో ఏటా 1 పీపీఎం కంటే తక్కువే పెరిగేది, ఇప్పుడు 2 దాటింది. సరళరేఖ గీస్తే రెండు చివర్లలోనూ కొలతల కంటే కిందే ఉండిపోతుంది. అందుకే పైకి వంగే వర్గ ప్రమేయం (కాలం వర్గం ఉండే సమీకరణం) వాడతారు.

మన వంతుకు కారణాలు వెతికే సూత్రమూ ఉంది. పర్యావరణం మీద మనిషి ప్రభావాన్ని లెక్కగట్టడానికి 1971లో అమెరికా శాస్త్రవేత్తలు ఎర్లిక్, హోల్డ్రెన్ ప్రతిపాదించిన ఆ సూత్రం జనాభాను, తలసరి ప్రభావాన్ని గుణిస్తుంది. చర్చకు అది మంచిదే కానీ, ఒకటి మారితే రెండోది ఎలా మారుతుందో విడిగా చెబితే తప్ప దానికి తెలియదు.

వర్గ ప్రమేయానికి కూడా కారణాలు తెలియవు, జరిగినదాన్ని మాత్రమే చెబుతుంది. దాన్ని 2100 దాకా పొడిగించడమంటే మన అలవాట్లూ అలాగే సాగుతాయని ఒప్పుకోవడమే. ఉద్గారాలు ఇప్పటి స్థాయిలో ఆగిపోయినా గీత దిగదు, పైకి వంగడం మానేసి దాదాపు తిన్నగా ఎక్కుతుంది.