ఖాజీ కాగితం కోర్టు తీర్పు కాదు: ముస్లిం పర్సనల్ లాపై అపోహలు, వాస్తవాలు

నెల్లూరు కోర్టుల్లో ముస్లిం దాంపత్య వివాదాలు నడిపే న్యాయవాదిగా నాకు పదే పదే ఎదురయ్యే మాట ఒకటుంది: "మా నిఖా షరియత్ ప్రకారం జరిగింది, తెగతెంపులు జమాత్‌లో (మసీదు పెద్దల పంచాయతీలో) జరిగాయి, ఇక కోర్టుకెళ్లే దారి మాకెక్కడిది?" కోటమిట్ట నుంచి వచ్చినవారూ, ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి వచ్చినవారూ, చదువుకున్నవారూ, చదువుకోనివారూ ఇదే అంటారు. ముస్లింలకు రాజ్యాంగమే వర్తించదని టీవీ చర్చల్లో ఆవేశపడేవారిది కూడా ఇదే పొరపాటు. కాకపోతే వారి పొరపాటు వల్ల వారికి పోయేదేమీ లేదు. ఇంటికి తిరిగొచ్చిన ఆడబిడ్డకు మాత్రం దానివల్ల నెలనెలా రావలసిన భరణం పోతుంది.

అపోహ: షరియత్ రాజ్యాంగానికి వెలుపల ఉంది, కాబట్టి జమాత్ మాటే తుది తీర్పు.

వాస్తవం: మన దేశంలో ముస్లింల పెళ్లి, విడాకులు, మెహర్ (పెళ్లి వేళ భర్త భార్యకు ఒప్పుకునే సొమ్ము), భరణం, వారసత్వం షరియత్‌ను అనుసరించి నడవడానికి ప్రధాన ఆధారం 1937 నాటి షరియత్ అప్లికేషన్ చట్టం. స్వాతంత్ర్యానికి ముందున్న ఆ చట్టం రాజ్యాంగంలోని 372వ అధికరణ వల్ల నేటికీ నిలిచి ఉంది, దాన్ని అమలు చేసేవి మామూలు కోర్టులే. నిఖాలు జరిపించే ఖాజీకి న్యాయాధికారం లేదన్న సంగతీ కొత్తది కాదు. మొదట మన మద్రాసు ప్రెసిడెన్సీ కోసమే తెచ్చిన 1880 నాటి ఖాజీల చట్టం, ఖాజీగా నియామకం వల్ల న్యాయపరమైన అధికారం గాని పరిపాలనాధికారం గాని రాదని నాలుగో సెక్షన్‌లో స్పష్టంగా చెప్పింది. ఫత్వాకు, అంటే మతపండితుల అభిప్రాయానికి, చట్టబద్ధత లేదనీ, దాన్ని ఎవరిమీదా బలవంతంగా రుద్దరాదనీ సుప్రీంకోర్టు 2014లో తేల్చింది.

ఆత్మకూరు వైపు నుంచి ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చి, మడతలు పడిన స్టాంపు కాగితం నా బల్ల మీద పెట్టింది. గల్ఫ్‌లో ఉన్న అల్లుడు ఫోనులో మూడుసార్లు తలాఖ్ అన్నాడనీ, ఇద్దత్ (విడాకుల తర్వాత స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఆగే గడువు) ఖర్చు ముట్టిందనీ, ఇకపై అమ్మాయికి ఎలాంటి హక్కూ లేదనీ పెద్దమనుషులు అందులో రాసి సంతకాలు చేశారు. ఆ కాగితం పట్టుకొని వాళ్లు ఏళ్ల తరబడి ఇంట్లోనే కూర్చున్నారు. "కోర్టుకెళితే దీన్‌కు (మతానికి) ఎదురు తిరిగినట్టు కాదా, లాయరు సాబ్?" అని ఆ తల్లి భయంగా అడిగింది. "అమ్మా, మీరు అడగబోయేది షరియతూ కాదనని హక్కే" అన్నాను. నిజానికి ఆ అమ్మాయి అప్పటికీ భార్యే. ఒకే ఊపులో చెప్పే మూడు తలాఖ్‌లను 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో కొట్టివేసింది. ఆ ముగ్గురిలో ఇద్దరు న్యాయమూర్తులు, 1937 చట్టం గుర్తించిన పద్ధతి గనుక అది 14వ అధికరణలోని సమానత్వానికి లోబడాలన్నారు; మూడో న్యాయమూర్తి అసలది షరియతే కాదన్నారు. తలాఖ్‌కు సహేతుకమైన కారణం ఉండాలనీ, దానికి ముందు ఇరువైపుల మధ్యవర్తులతో రాజీ ప్రయత్నం జరగాలనీ 2002లోనే సుప్రీంకోర్టు షమీమ్ ఆరా కేసు తీర్పులో చెప్పింది.

కాగితం చెల్లదని తేలినా గడిచిన ఏళ్లు తిరిగి రావు. భరణాన్ని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది గనుక, అంతకు ముందు ఇంట్లో కూర్చున్న నెలలకు సాధారణంగా ఏమీ రాదు. విడాకులైన తర్వాత మెహర్ కోసం దావా వేయడానికి మూడేళ్లే గడువు. ఇద్దత్‌తో భరణం ముగిసిపోతుందన్న మాటనూ నమ్మవద్దు: భర్త ఇద్దత్ లోపల చేయవలసిన ఏర్పాటు ఆమె భవిష్యత్తు మొత్తానికి సరిపోవాలని 2001లో సుప్రీంకోర్టు డానియల్ లతీఫీ కేసు తీర్పులో చెప్పింది, విడాకులు పొందిన ముస్లిం మహిళ సాధారణ భరణ సెక్షన్ కింద కూడా అడగవచ్చని 2024 జులై 10న మరో తీర్పు వచ్చింది. ఆ సెక్షన్ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125; దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇప్పుడు 144. ఆమె నివసించే జిల్లాలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

పెద్దల రాజీని నేను తప్పుపట్టడం లేదు. భార్యాభర్తలిద్దరూ ఇష్టపడి చేసుకున్న ముబారాత్, అంటే పరస్పర అంగీకార విడాకులు, చెల్లుతుంది. దాన్ని కుటుంబ న్యాయస్థానంలో ధ్రువీకరించుకుంటే పాస్‌పోర్టు దగ్గరా, మళ్లీ పెళ్లి దగ్గరా చిక్కులు రావు.

అపోహ: 2019 చట్టంతో తలాఖ్ మొత్తం నేరమైంది. కాలేదు. నేరమైనది ఒకే ఊపులో చెప్పే తక్షణ తలాఖ్ మాత్రమే, దానికి శిక్ష మూడేళ్ల వరకు.

అపోహ: ముస్లింలకు శిక్షాస్మృతి వేరు. 1862లో ఇండియన్ పీనల్ కోడ్ అమలులోకి వచ్చినప్పటి నుంచి అందరికీ ఒకటే.

అపోహ: షరియత్ కుటుంబ చట్టాన్ని ఏ ముస్లిం దేశమూ ముట్టుకోలేదు. ట్యునీసియా 1956లోనే బహుభార్యత్వాన్ని నిషేధించింది. పాకిస్తాన్ 1961లో తలాఖ్‌కు లిఖిత నోటీసునూ 90 రోజుల వ్యవధినీ పెట్టింది.

అపోహ: ముస్లిం ఆడపిల్లకు పొలంలో వాటా లేదు. 1937 చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కానీ నేటి నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో ఉండగా, 1949లో మద్రాసు శాసనసభ ఆ మినహాయింపును తొలగించింది. కాబట్టి కొడుకు వాటాలో సగం కూతురికి పొలంలోనూ వస్తుంది, తండ్రి మరణించిన క్షణమే ఆ హక్కు ఏర్పడుతుంది. అడంగల్‌లో, పాస్‌బుక్‌లో అన్నల పేర్లు ఎక్కినంత మాత్రాన అది పోదు. అయితే నీకు వాటా లేదని వారు బాహాటంగా చెప్పి, 12 ఏళ్లు పొలాన్ని తమ చేతిలోనే ఉంచుకుంటే ఆ హక్కును నిలబెట్టుకోవడం కష్టమవుతుంది. అందువల్ల ఆ మాట మొదటిసారి విన్నప్పుడే విభజన దావా గురించి అడగడం మంచిది.