లేవు, తెలియదు, అడగలేకపోయాను: క్వెరీ రిజల్ట్స్ మీద అపోహలు – వాస్తవాలు

తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జికి బుకింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. ప్రోగ్రాం పీహెచ్‌పీ భాషలో, డేటా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో. ఒక శనివారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కౌంటర్ స్క్రీన్ మీద "గదులు ఖాళీ లేవు" అనే వచ్చింది. కౌంటర్‌లో అబ్బాయి స్క్రీన్‌ను నమ్మాడు. పిల్లల్ని, బ్యాగుల్ని మోసుకుంటూ వచ్చినవాళ్లందరినీ "గదుల్లేవు స్వామీ" అని పంపించేశాడు. తొమ్మిదింటికి ఓనర్ వచ్చి చూస్తే బోర్డుకు పదకొండు తాళంచెవులు వేలాడుతున్నాయి.

ఆ మధ్యాహ్నం నేను టేబుల్‌లో ఒక కాలమ్ పేరు మార్చాను. ఒక పేజీలో క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, సరిచేయడం మరిచిపోయాను. క్వెరీ ఫెయిలైంది, పీహెచ్‌పీని డేటాబేస్‌తో కలిపే మైఎస్‌క్యూఎల్‌ఐ ఫాల్స్ (కుదరలేదు) ఇచ్చింది. నా కోడ్ ఆ ఫాల్స్‌లోనే వరుసలు లెక్కపెట్టబోయింది. పీహెచ్‌పీ 7లో అలా చేస్తే ఒక వార్నింగ్ వస్తుంది, చేతికి నల్, అంటే విలువ తెలియదనే గుర్తు, వస్తుంది. వార్నింగులు కనబడకుండా ఆపేసింది కూడా నేనే. నల్ సున్నా కంటే పెద్దది కాదు గనక ప్రోగ్రాం ఎల్స్‌లోకి పోయి "ఖాళీ లేవు" అనేసింది. డేటాబేస్‌ను అడగడమే కుదరలేదు, కానీ అడిగి కనుక్కొచ్చినట్టే జవాబు చెప్పింది.

ఇప్పుడు ఏ రిజల్ట్ చేతికొచ్చినా మొదట చూసుకునేది ఒకటే. ఇది "లేవు" అంటోందా, "తెలియదు" అంటోందా, "అడగలేకపోయాను" అంటోందా? నా దగ్గరికి ప్రాజెక్టులు చూపించడానికి వచ్చే ఇంజనీరింగ్ పిల్లల కోడ్‌లో నేను దిద్దే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటినీ కలిపేయడం వల్ల వచ్చేవే.

అపోహ: క్వెరీ ఫాల్స్ ఇవ్వలేదంటే మనకు కావలసింది దొరికినట్టే.

ఒక్క వరుస కూడా దొరకకపోయినా సెలెక్ట్ (వరుసలు తెచ్చే) క్వెరీ సక్సెస్ అయినట్టే లెక్క. ఖాళీ రిజల్ట్ కూడా ఒక ఆబ్జెక్టే, ఇఫ్‌లో పెడితే ట్రూ అవుతుంది. ఒక పిల్లవాడి ప్రాజెక్టులో లాగిన్ పేజీ ఇలాగే ఉండింది: యూజర్ పేరు, పాస్‌వర్డ్ కలిపి సెలెక్ట్ రాసి, రిజల్ట్ ట్రూ అయితే లోపలికి పంపుతోంది. నేను నోటికొచ్చిన పేరు, నోటికొచ్చిన పాస్‌వర్డ్ కొట్టాను. అడ్మిన్ పేజీ తెరుచుకుంది. అతను సరైన పాస్‌వర్డ్‌తో తప్ప ఎప్పుడూ టెస్ట్ చేయలేదు. పేరుతో వరుసను తెచ్చుకుని, వరుస వచ్చిందో లేదో చూసి, ఆ తర్వాత దాచిన హ్యాష్‌ను (పాస్‌వర్డ్‌ను తిరిగి చదవలేనట్టు మార్చిన రూపం) పాస్‌వర్డ్ వెరిఫై ఫంక్షన్‌తో పోల్చాలి.

పీహెచ్‌పీ 8.1 నుంచి మైఎస్‌క్యూఎల్‌ఐ తప్పు జరిగితే దానంతట అదే ఎక్సెప్షన్ (పట్టుకోకపోతే ప్రోగ్రాంను ఆపేసే తప్పు సంకేతం) విసురుతుంది. డేటాబేస్‌తో మాట్లాడే ఇంకో దారి పీడీఓ ఈ పద్ధతికి 8.0లోనే మారింది. మంచి మార్పు. అయితే ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకుని ఖాళీ అర్రే (జాబితా) తిరిగిచ్చే కోడ్ ఇంకా రాస్తున్నారు. అలా రాస్తే నా లాడ్జి కథే మళ్లీ మొదలవుతుంది. పట్టుకున్నాక లాగ్‌లో రాయండి, స్క్రీన్ మీద "ఇప్పుడు చూడలేకపోతున్నాం, తాళాల బోర్డు చూడండి" లాంటి నిజమైన మాట చెప్పండి. కౌంటర్‌లో మనిషి లేచి తాళాల బోర్డు చూసుకుంటాడు.

అపోహ: నల్ అంటే సున్నా, లేదా ఖాళీ.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ రైతు డబ్బు ఉంది. చిత్తూరు వైపు మామిడి సీజన్‌లో ఒక మండీకి లెక్కల ప్రోగ్రాం రాశాను. తోతాపురి లోడు దిగుతుంది, తూకం వేస్తారు, రేటు కడతారు, కూలి, కమీషన్, ముందే ఇచ్చిన అడ్వాన్స్ తీసేసి మిగిలింది రైతుకు. ఒక రైతు చీటీలో సరుకు విలువ 38,400 అని సరిగ్గానే ఉంది, కింద "ఇవ్వవలసింది 0" అని వచ్చింది. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, గట్టిగా కూడా అడగకుండా, "ఇదేంది నాయనా, ఏమీ రాదా?" అన్నాడు.

అడ్వాన్స్ కాలమ్ నల్‌గా ఉంది. ఎస్‌క్యూఎల్‌లో ఏ సంఖ్యలోంచి నల్ తీసేసినా నల్లే మిగులుతుంది. తెలియనిది తీసేస్తే మిగిలేదీ తెలియదు కదా, లెక్క న్యాయమే. ఆ నల్‌ను అంకెగా ప్రింట్ చేసి 0 చేసింది నా పీహెచ్‌పీ కోడ్.

ఇలాంటప్పుడు ఎవరైనా చెప్పే మందు కోలెస్: నల్ అయితే సున్నా అనుకో. నేనూ అది టైప్ చేయబోయి ఆగి, గుమాస్తాను అడిగాను. "అడ్వాన్స్ ఎంతో ఓనరు పుస్తకంలో ఉంది సార్, చూసి ఎక్కిద్దామని వదిలేశాను" అన్నాడు. అంటే అడ్వాన్స్ లేక ఖాళీగా పెట్టలేదు, ఎంతో తెలియక పెట్టాడు. కోలెస్ వేసుంటే చీటీ చక్కగా వచ్చేది, అంకె మాత్రం తప్పు. అందుకే ప్రోగ్రాం ఇప్పుడు అడ్వాన్స్ నల్‌గా ఉంటే చీటీ ప్రింట్ చేయదు, "అడ్వాన్స్ ఎక్కించలేదు" అని ఎర్రగా చూపిస్తుంది. అడ్వాన్స్ తీసుకోనివాళ్లకు గుమాస్తా 0 అని కొట్టాల్సిందే. ఒక్క మీట ఎక్కువ పని, దాన్ని నేను వదులుకోను.

నల్ ఇంకా ఎక్కడెక్కడ దెబ్బ కొడుతుందో కూడా చెప్తాను. నల్ ఉన్న వరుసల కోసం ఈజ్ నల్ అనే అడగాలి, ఈక్వల్ గుర్తు పెడితే ఒక్కటీ రాదు. కౌంట్‌లో కాలమ్ పేరు రాస్తే నల్ ఉన్నవి లెక్కలోకి రావు, యావరేజ్ కూడా వాటిని వదిలేస్తుంది. వరుసలే లేని రోజున సమ్ అడిగితే 0 రాదు, నల్ వస్తుంది. సెలవు రోజు రిపోర్టులో టోటల్ దగ్గర ఖాళీ కనబడితే కారణం అదే.

అపోహ: టేబుల్ తెలుగుకు పనికొచ్చేలా ఉంటే తెలుగు సరిగ్గానే వస్తుంది.

టేబుల్ ఎంత బాగున్నా, మధ్యలో కనెక్షన్ ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) మాట్లాడుతోందన్నది వేరే సంగతి. కనెక్ట్ అయిన వెంటనే సెట్ చార్‌సెట్ ఫంక్షన్‌తో యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పండి. పేర్ల చోట ప్రశ్నార్థకాలు టేబుల్‌లోకే ఎక్కిపోతే ఆ పేర్లు పోయినట్టే, ఏ కమాండ్‌తోనూ తిరిగి రావు. మళ్లీ మనుషుల్ని అడిగి ఎక్కించుకోవాలి.

అందులోనే ఇంకో చిక్కు ఉంది. "తిరుపతి" మన కంటికి నాలుగు అక్షరాలు. గుడి, కొమ్ము విడిగా లెక్కేస్తారు గనక యూనికోడ్‌లో ఏడు. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 21. స్క్రీన్ మీద చోటు చాలదని సబ్‌స్ట్రింగ్‌తో 10 బైట్ల దగ్గర కోస్తే "రు" కొమ్ము మధ్యలో తెగి, చివర పనికిరాని గుర్తు వస్తుంది. ఎంబీ అని మొదలయ్యే ఫంక్షన్లు వాడినా గుడి ఊడిపోవచ్చు. చూపించడానికే అయితే కోయడం పేజీ రూపాన్ని చూసుకునే సీఎస్‌ఎస్‌కు వదిలేయండి.

అపోహ: వరుసలు ఎక్కించిన క్రమంలోనే వస్తాయి.

ఆర్డర్ బై (ఏ క్రమంలో కావాలో చెప్పే మాట) రాయకపోతే క్రమానికి ఏ హామీ లేదు. లాడ్జిలో గదులు నెలల తరబడి నంబరు వరుసలోనే వచ్చాయి. స్పీడ్ కోసం రేటు కాలమ్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) పెట్టిన రోజు నుంచి కలగాపులగం అయ్యాయి. గ్రూప్ బై రాస్తే సార్టింగ్ దానంతటదే జరిగే అలవాటు కూడా మైఎస్‌క్యూఎల్ 8.0తో పోయింది. గది నంబరును టెక్స్ట్‌గా దాచితే ఆర్డర్ బై రాసినా 9 కంటే ముందు 10 వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

అపోహ: అప్‌డేట్‌కు 0 వచ్చిందంటే సేవ్ కాలేదు.

మైఎస్‌క్యూఎల్ మామూలుగా నిజంగా మారిన వరుసల్నే లెక్కిస్తుంది. ఉన్న ఫోన్ నంబరే మళ్లీ కొట్టి సేవ్ నొక్కితే 0 వస్తుంది. మండీలో డేటా ఎక్కించే అమ్మాయి "సేవ్ కాలేదు" అని చూసి మూడుసార్లు నొక్కి, టెన్షన్‌తో నాకు ఫోన్ చేసింది. తప్పు జరిగితే వచ్చేది మైనస్ 1, లేదా ఎక్సెప్షన్.

అపోహ: రిజల్ట్‌ను ఎన్నిసార్లైనా లూప్‌లో తిప్పొచ్చు.

ఫెచ్ చేసిన కొద్దీ ముందుకే పోతుంది. మొదటి వైల్ లూప్ చివరిదాకా వెళ్లాక రెండో లూప్‌కు ఏమీ మిగలదు, ఎర్రర్ కూడా రాదు. పైన పట్టిక వచ్చి కింద టోటల్ రాకపోతే ముందు ఇక్కడ వెతకండి. డేటా సీక్‌తో మొదటికి తిప్పొచ్చు, లేదా ఒకసారి అర్రేలోకి తీసుకుని రెండు చోట్లా వాడుకోవచ్చు.

అర్రేలోకి తీసుకునేది పేజీకి సరిపడా వరుసలైతేనే. మైఎస్‌క్యూఎల్‌ఐ మామూలుగా రిజల్ట్ మొత్తాన్నీ ముందే పీహెచ్‌పీ మెమరీలోకి తెచ్చిపెడుతుంది. దానికి డిఫాల్ట్‌గా ఉన్న హద్దు 128 ఎంబీ. సీజన్ మొత్తం లోడ్లు తెచ్చి పీహెచ్‌పీలో కూడే బదులు, ఆ కూడిక డేటాబేస్‌నే చేయమంటే ఒక్క వరుస వస్తుంది.