అణువిద్యుత్ కేంద్రంలో అప్రెంటిస్‌గా ఒక ఏడాది: మన సరిహద్దు ఇళ్లలో వినిపించే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఇంజినీరింగ్ ముగించిన బిడ్డకు అణువిద్యుత్ కేంద్రంలో అప్రెంటిస్‌షిప్ వచ్చిందని తెలియగానే, సాధారణంగా తల్లి కంగారు పడుతుంది, తండ్రి ఉద్యోగం వచ్చేసిందని బంధువులకు ఫోన్లు చేస్తాడు. మెకానికల్ పట్టాతో అటువంటి కేంద్రంలో ఏడాదిపాటు అప్రెంటిస్‌గా ఉండి, తరువాత అదే రంగంలో నిర్వహణ విభాగంలో స్థిరపడిన నాకు ఆ కంగారూ ఆ సంబరమూ రెండూ చోటు తప్పినవిగానే తోస్తాయి. సెలవులకు పర్లాకిమిడి వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా జవాబు రాస్తున్నాను.

అపోహ: అప్రెంటిస్‌గా చేరితే ఉద్యోగం ఖాయం.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టంలోని 18వ సెక్షను ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడు. శిక్షణ ముగించినవారిని ఉద్యోగంలోకి తీసుకునే విషయాన్ని, ఒప్పందంలో ప్రత్యేక షరతు ఉంటే తప్ప, 22వ సెక్షను సంస్థ విధానానికే వదిలిపెట్టింది. అయినా ఈ అపోహ బలపడటానికి కారణం ఉంది. అణువిద్యుత్ కేంద్రాలు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ వంటి దానిలోకి మూడు వేర్వేరు దారులు ఉండగా, మన ఇళ్లలో ఆ మూడింటినీ ‘ట్రైనింగ్’ అనే ఒకే మాటతో పిలుస్తారు. గేట్ మార్కుల ఆధారంగా తీసుకునే ఎగ్జిక్యూటివ్ ట్రైనీ మార్గం ఒకటి. డిప్లొమా, బీఎస్సీ, ఐటీఐ చదివినవారికి ఉద్దేశించిన స్టైపెండరీ ట్రైనీ మార్గం రెండవది. ఈ రెండూ నియామకాలే. శిక్షణను సంతృప్తికరంగా ముగించినవారికి ఉద్యోగం ఉంటుంది. మూడవదైన అప్రెంటిస్‌షిప్ పట్టభద్రులకు ఏడాది శిక్షణ, చివర ఒక ధ్రువపత్రం, అంతే. 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయలు, డిప్లొమా వారికి 8,000 రూపాయలు స్టైపెండుగా నిర్ణయించాయి. నాతో చేరిన ఒక మిత్రుడు ఈ తేడా తెలియక, శిక్షణ ముగిసిన రోజు నియామక పత్రం కోసం కార్యాలయం ముందు సాయంత్రం దాకా కూర్చున్నాడు. నియామకపు పరీక్షకు ఆ ఏడాదే చదువుకుని ఉంటే అతడి దారి వేరుగా ఉండేది.

అపోహ: లోపల అడుగుపెడితే ఒంట్లోకి రేడియేషన్ ఎక్కుతుంది, ఇంటికి వచ్చినప్పుడు మిగతావారికీ అంటుతుంది.

దీన్ని కాస్త ఓపికగా విప్పి చెప్పాలి. ఎండలో నిలబడి వచ్చినవాడు ఇంట్లో వెలుగు చిమ్మడు. పసుపు దంచి వచ్చినవాడి చేయి తగిలితే మాత్రం గోడకు మరక పడుతుంది. వికిరణం తగలడం మొదటి రకం, రేడియోధార్మిక పదార్థం ఒంటికో బట్టకో అంటుకోవడం రెండవ రకం. కేంద్రంలో చెప్పులు మార్పించడం, ప్రత్యేక దుస్తులు వేయించడం, బయటికి వచ్చేటప్పుడు చేతులూ కాళ్లూ యంత్రం మీద పెట్టించి పరీక్షించడం, ఈ తతంగమంతా ఆ మరక గడప దాటకుండా ఉండటానికే. యంత్రం మోగితే కడుక్కుని మళ్లీ పరీక్షకు నిలబడాలి. మొదటిసారి మోగినప్పుడు నాకు ముచ్చెమటలు పోశాయి. సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగేసరికి అది పోయింది.

తగిలే మోతాదుకు లెక్క ఉంది. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, రేడియేషన్ మధ్య పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) పరిమితిని విధించింది. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. 16 నుంచి 18 ఏళ్ల వయసు అప్రెంటిస్‌లకు ఈ పరిమితి 6 మాత్రమే. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ప్రకృతి సహజంగా మనిషికి అందేదే ప్రపంచ సగటున ఏడాదికి దాదాపు 2.4. మన గంజాం జిల్లా ఛత్రపురం తీరంలో, థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉన్న మోనజైటు ఇసుక వల్ల, ఈ సహజ మోతాదు మామూలు చోట్ల కంటే ఎక్కువ. అణువిద్యుత్ కేంద్రమంటే బెదిరే మా బంధువులు కొందరు ఆ తీరంలోనే తరతరాలుగా కాపురం ఉంటున్నారని చెబితే వారే నమ్మలేదు.

రేడియేషన్ ప్రాంతంలోకి వెళ్లే ప్రతి ఒక్కరి ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి, అంటే తగిలిన రేడియేషన్‌ను కొలిచే బిళ్ల, ఉంటుంది. దాన్ని నిర్ణీత కాలానికి పంపించి, తగిలిన మోతాదును పేరు పేరునా నమోదు చేస్తారు. భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు, వాడే రియాక్టర్లలో ట్రీషియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ మరో విషయం. దాని వికిరణం చర్మాన్ని దాటలేనంత బలహీనం, కానీ ఆవిరి రూపంలో శ్వాసతో లోపలికి వెళ్తుంది. అందుకే అటువంటి చోట పనిచేసినవారు మూత్ర నమూనా ఇవ్వాలి. లోపలికి చేరినది నీటితో పాటే బయటికి పోతుంది, సగం పోవడానికి పది రోజులు పడుతుంది. నీళ్లు బాగా తాగమని మా సీనియర్ చెప్పినప్పుడు వేళాకోళమనుకున్నాను. అది ఈ రంగంలో నిజంగానే ఇచ్చే సలహా.

అపోహ: అక్కడ పనిచేసినవారికి పిల్లలు పుట్టరు.

పెళ్లి సంబంధాల వేళ ఈ మాట తప్పక వస్తుంది. పురుషులలో తాత్కాలిక వంధ్యత్వానికైనా ఒక్కసారిగా 100 మిల్లీసీవర్ట్‌లకు పైబడిన మోతాదు వృషణాలకు తగలాలి. పైన చెప్పిన పరిమితులతో పోల్చుకుంటే సరిపోతుంది.

అపోహ: పని అంతా రియాక్టర్ దగ్గరే, ప్రమాదమంతా రేడియేషన్‌దే.

మన దేశంలో ఎక్కువగా ఉన్న భారజల రియాక్టర్లలో రియాక్టర్ వేడిని మోసే భారజలం వేరు, టర్బైను తిప్పే ఆవిరి వేరు. రెండింటి మధ్య ఆవిరి జనరేటరు అడ్డుగా ఉంటుంది. కాబట్టి టర్బైను వైపు పని థర్మల్ కేంద్రంలో పనిలాగానే ఉంటుంది. 1969లో మొదలైన తారాపూర్ తొలి రెండు యూనిట్లు మరుగునీటి రియాక్టర్లు కావడంతో అక్కడ ఆవిరి నేరుగా టర్బైనుకు వెళ్తుంది, ఆ తేడా గుర్తుంచుకోవాలి. నా ఏడాదిలో ఎక్కువ భాగం పంపుల అలైన్‌మెంట్, వాల్వుల గ్లాండ్ ప్యాకింగ్, డీజిల్ జనరేటర్ల తనిఖీ, వీటన్నిటికీ ముందు పర్మిట్ల రాతకోతలతో గడిచింది. ఒక చిన్న వాల్వు విప్పడానికి పూట పొద్దు కాగితాల మీదే గడిచిపోతే విసుగు వచ్చేది, అయితే నేర్చుకున్న అసలు విద్య అదే.

నిజమైన ప్రమాదాలు వేడి ఆవిరి, ఎత్తు, విద్యుత్తు, ఎత్తుతున్న బరువులు. గోదావరి వైపున్న మణుగూరు భారజల కర్మాగారంలో భయపడవలసింది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకు. మోతాదు పెరిగితే అది వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది కనుక ముక్కును నమ్ముకోకూడదు. శిక్షణలో గాయపడితే నష్టపరిహారం బాధ్యత సంస్థదేనని అప్రెంటిస్‌ల చట్టంలోని 16వ సెక్షను చెబుతుంది. ఈ విషయం చేరేవారిలో చాలామందికి తెలియదు.

అపోహ: కొవ్వాడ వస్తోంది కదా, ఇప్పుడు శిక్షణ పొందితే ఇంటి పక్కనే ఉద్యోగం.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకు 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఉన్న మాట నిజమే. ప్రతిపాదనను నమ్ముకుని వేరే అవకాశాలు వదులుకోవద్దని మాత్రం చెబుతాను.

అపోహ: తెలుగువాళ్లం కాబట్టి అప్రెంటిస్ శిక్షణను చూసే ప్రాంతీయ బోర్డుల్లో చెన్నై బోర్డే మన బోర్డు.

ఒడిశా కోల్‌కతా బోర్డు కిందికి వస్తుంది. ఆంధ్ర, తెలంగాణలు చెన్నై బోర్డు కింద ఉన్నాయి. దక్షిణాది సంస్థల ప్రకటనలు కొన్ని దక్షిణ రాష్ట్రాల్లో చదివినవారికే పరిమితం అవుతాయి కాబట్టి, ఇల్లు పర్లాకిమిడిలోనే ఉన్నా, గుణుపురంలో చదివినవాడికీ శ్రీకాకుళంలో చదివినవాడికీ అర్హత వేరు కావచ్చు. ప్రకటనలో ఆ వాక్యాన్ని ముందే చదవాలి. మరొక చిక్కు మన ఇంటిపేరుతో. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక, పట్టాలో పొడి అక్షరంగా ఉంటే పోలీసు విచారణ అక్కడే ఆగుతుంది. నాకు గేటు పాసు మూడు వారాలు ఆలస్యమైంది ఇందుకే. దరఖాస్తు పెట్టకముందే మూడు చోట్లా పేరు ఒకేలా ఉండేట్టు సరిచేయించుకోవాలి, ముందుగా ఆధార్‌లో.