బార్‌కోడ్ ఫాంటు గీతలు గీస్తుంది, లెక్క మనమే చెయ్యాలి: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో డీటీపీ, లేబుళ్ల పని చేస్తాను. కాలేజీ లైబ్రరీ పుస్తకాల స్టిక్కర్లు, గాంధీ రోడ్డు దుకాణాల సరుకు లేబుళ్లు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు, ఊరగాయలు తయారుచేసేవాళ్ల డబ్బాల స్టిక్కర్లు నా దగ్గరికి వస్తుంటాయి. వీటిలో చాలా పనులకు ఖరీదైన లేబుల్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఎక్సెల్, వర్డ్, లేదా ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ ఉంటే, ఒక బార్‌కోడ్ ఫాంటు తోడైతే చాలు. కానీ ఆ ఫాంటు ఏం చేస్తుందో, ఏం చెయ్యదో తెలియక షీట్లకు షీట్లు ముద్రించి పారేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చిన్న వ్యాపారికి, చిన్న లైబ్రరీకి ఆ ఖర్చు తక్కువేమీ కాదు. అందుకే నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఫాంటు ఎక్కించి నంబరు టైపు చేస్తే బార్‌కోడ్ అయిపోయినట్టే.

"అన్నా, గీతలు బాగానే వచ్చినాయి, గన్ను (స్కానర్) పెడితే మాత్రం బీప్ రాలేదు" అని ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువ మందిది ఇదే సమస్య.

వాస్తవం: తెలుగు డీటీపీలో వాడే అనూ ఫాంట్లతో పనిచేసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తెర మీద తెలుగు కనిపిస్తుంది, ఫైలు లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు మార్చగానే అవి బయటపడతాయి. బార్‌కోడ్ ఫాంటు కూడా అంతే. ఒక్కో అక్షరానికి ఒక్కో గీతల బొమ్మ చూపిస్తుంది. ఆ బొమ్మలన్నీ కలిసి సరైన బార్‌కోడ్ అయ్యాయో లేదో దానికి తెలియదు.

బార్‌కోడ్ రకాలన్నిటిలో సులువైనది కోడ్ 39. దీన్ని 1974లో ఇంటర్‌మెక్ కంపెనీలో డేవిడ్ అలైస్, రే స్టీవెన్స్ తయారుచేశారు. ఇందులో ప్రతి అక్షరం విడిగా నిలబడుతుంది: ఐదు నల్ల గీతలు, మధ్యలో నాలుగు ఖాళీలు, ఈ తొమ్మిదిలో మూడు వెడల్పువి. చెక్ అంకె (నంబరు తప్పు లేకుండా చదివిందో లేదో సరిచూసుకునే అంకె) పెట్టడం తప్పనిసరి కాదు. అందుకే ఫాంటుతో చెయ్యడానికి ఇంత బాగా కుదురుతుంది. ఒక్కటే షరతు, ముందు ఒక స్టార్ గుర్తు, వెనక ఒక స్టార్ గుర్తు ఉండాలి. మన తిరుపతి పిన్‌కోడ్‌నే తీసుకుంటే 517501 అని కాదు, *517501* అని ఉండాలి. కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్కానర్‌కు చెప్పేవి ఆ రెండు స్టార్లే. అవి లేకపోతే చూడటానికి చక్కగా ఉన్నా స్కానర్ దాన్ని బార్‌కోడ్‌గానే గుర్తించదు.

వర్డ్‌లో దీని మీద ఇంకో చిక్కు ఉంది. రెండు స్టార్ల మధ్య ఏదైనా టైపు చేస్తే, అది బోల్డ్ చెయ్యమని మీరు చెప్పినట్టు వర్డ్ అనుకోవచ్చు. స్టార్లు మాయం చేసి మధ్యలో ఉన్నదాన్ని బోల్డ్ చేస్తుంది. అంటే రెండు దెబ్బలు: హద్దులు పోయాయి, గీతలు లావయ్యాయి. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, 'ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్' అనే ట్యాబులో బోల్డ్, ఇటాలిక్‌కు సంబంధించిన టిక్కు తీసేయండి. లిబ్రేఆఫీస్ రైటర్ ఆటోకరెక్ట్‌లో కూడా ఇలాంటి టిక్కు ఉంటుంది.

ఎక్సెల్‌లో అయితే స్టార్లు చేత్తో టైపు చెయ్యొద్దు. అసలు నంబరు ఒక నిలువు వరుసలో (కాలమ్‌లో) ఉంచి, పక్క వరుసలో ఫార్ములాతో స్టార్లు కలపండి: సమానం గుర్తు, కోట్స్ మధ్య స్టార్, ఆంపర్‌శాండ్, నంబరున్న సెల్ పేరు, మళ్లీ ఆంపర్‌శాండ్, కోట్స్ మధ్య స్టార్. బార్‌కోడ్ ఫాంటు ఆ రెండో వరుసకే పెట్టండి. ఇలా విడదీయడానికి గట్టి కారణమే ఉంది. ఎక్సెల్ వెతుకులాటలో స్టార్ అంటే 'ఏదైనా సరే' అని అర్థం. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో స్టార్ తీసేద్దామని ఉత్త స్టార్ ఇస్తే డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. స్టార్‌నే వెతకాలంటే దాని ముందు ~ గుర్తు పెట్టాలి.

కోడ్ 39లో ఉండేవి 43 అక్షరాలే: ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలు, ఖాళీ, మరో ఆరు గుర్తులు. చిన్న అక్షరాలు లేవు. తెలుగు అసలే లేదు.

అపోహ: కోడ్ 128 ఫాంటు కూడా అలాగే, స్టార్లు కూడా అక్కర్లేదు.

వాస్తవం: స్టార్లు అక్కర్లేదన్నది నిజం. కానీ వాటి బదులు ఒక మొదలు గుర్తు, ఒక చెక్ గుర్తు, ఒక ముగింపు గుర్తు కావాలి. చెక్ గుర్తు ప్రతి నంబరుకూ వేరుగా లెక్కకట్టాల్సిందే. ఫాంటు ఆ లెక్క కట్టదు. నేరుగా టైపు చేసిన కోడ్ 128 ఏ స్కానర్‌లోనూ చదవబడదు.

మళ్లీ 517501 మీదే చూద్దాం. ఈ కోడ్‌లో ఎ, బి, సి అని మూడు గుర్తుల సెట్లు ఉంటాయి. బి సెట్‌లో అంకె విలువ అంటే ఆ అంకెకు 16 కలిపినది. 5కు 21, 1కి 17, 7కు 23, ఇలా. మొదలు గుర్తు విలువ 104. ఇప్పుడు ఒక్కో విలువను దాని స్థానంతో గుణించాలి: 21, 34, 69, 84, 80, 102. వీటి మొత్తం 390. దానికి 104 కలిపితే 494. 103తో భాగిస్తే శేషం 82. అదే చెక్ విలువ. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే లిబ్రే బార్‌కోడ్ 128 ఫాంటులో 82 అంటే ఇంగ్లీషు చిన్న ఆర్ అక్షరం (విలువకు 32 కలిపితే వచ్చే, కంప్యూటర్ అక్షరాల పట్టికలో 114వ గుర్తు). ఈ ఫాంటులో బి సెట్ మొదలు గుర్తు 204వది, ముగింపు గుర్తు 206వది. వేరే కంపెనీల ఫాంట్లలో ఈ స్థానాలు వేరుగా ఉంటాయి. ఒక ఫాంటు కోసం రాసిన ఫార్ములా తెచ్చి ఇంకో ఫాంటుకు వాడితే పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే.

సి సెట్ రెండేసి అంకెలను ఒక గుర్తులో ఇమిడ్చేస్తుంది. కాబట్టి అంకెలు మాత్రమే ఉన్న నంబర్లకు ఇదే మేలు. అదే పిన్‌కోడ్ 51, 75, 01 అవుతుంది. మొదలు గుర్తు విలువ 105. 51, 150, 3 కలిపితే 204, మొదలుతో కలిపి 309. 103తో భాగిస్తే శేషం సున్నా. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. సున్నా విలువకు 32 కలిపితే వచ్చేది ఉత్త ఖాళీ. బార్‌కోడ్ మధ్యలో ఖాళీ పడితే, చోటు చాలనప్పుడు వర్డ్ దాన్ని రెండు మాటలనుకుని సగం కింది లైనుకు నెట్టేస్తుంది. వందల నంబర్లలో ఏ కొన్నో మాత్రమే చదవట్లేదంటే ముందు ఇది చూడండి. లిబ్రే బార్‌కోడ్ 128లో సున్నా విలువకు ఖాళీ బదులు 194వ గుర్తు కూడా పెట్టారు. ఫార్ములాలో దాన్నే వాడండి.

అపోహ: నంబరు ఎక్సెల్‌లో సరిగ్గానే ఉంది, తప్పు ఫాంటుదే.

వాస్తవం: ఎక్సెల్‌కు అది అంకెల వరుస కాదు, సంఖ్య. 000123 అని కొడితే 123 మాత్రమే మిగులుతుంది. 13 అంకెల నంబరు 8.90తో మొదలయ్యే శాస్త్రీయ రూపంలోకి మారి కనిపిస్తుంది. 15 అంకెలు దాటితే ఆపై అంకెలు సున్నాలైపోతాయి, వాటిని వెనక్కి తెచ్చే దారి లేదు. 5-12 లాంటి ర్యాక్ నంబరు తేదీ అయిపోతుంది. డేటా ఎక్కించడానికి ముందే ఆ వరుసను టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టండి. తర్వాత పెడితే అప్పటికే పోయిన సున్నాలు తిరిగి రావు. స్కానర్‌తో నేరుగా ఎక్సెల్‌లోకి కొట్టేటప్పుడు కూడా ఇదే సమస్య వస్తుంది. బార్‌కోడ్ 000123 అని సరిగ్గానే పంపుతుంది, సెల్‌లో 123 పడుతుంది, వీలుకప్ (జాబితాలో వెతికే ఎక్సెల్ ఫార్ములా) దొరకలేదంటుంది, అందరూ స్టిక్కర్‌నే తిడతారు.

అపోహ: ఎంత సైజులోనైనా, ఏ రంగులోనైనా చదువుతుంది. చోటు చాలకపోతే కొంచెం నొక్కితే సరి.

వాస్తవం: మామూలు లేబుల్ ప్రింటర్ 203 డీపీఐది. అంటే మిల్లీమీటరుకు 8 చుక్కలు, ఒక్కో చుక్క 0.125 మిల్లీమీటర్లు. సన్నని గీత రెండు చుక్కలనుకుంటే 0.25 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఆరంకెల నంబరు కోడ్ 128 సి సెట్‌లో 17 మిల్లీమీటర్లలో సరిపోతుంది. బి సెట్‌లో సుమారు 25 పడుతుంది. వెడల్పు గీత సన్నదానికి మూడింతలుండే కోడ్ 39లో దాదాపు 32 కావాలి. రెండు పక్కలా సన్నని గీతకు పదింతల తెల్లచోటు, అంటే 2.5 మిల్లీమీటర్ల చొప్పున వదలాలి. ఒక ఏ4 షీటులో 65 స్టిక్కర్లు వచ్చే రకం మన దగ్గర లైబ్రరీల్లో ఎక్కువగా వాడతారు. అందులో ఒక్కో స్టిక్కర్ వెడల్పు 38.1 మిల్లీమీటర్లు. ఆరంకెల కోడ్ 39 అందులో అంచుల దాకా వస్తుంది. అదే ఎనిమిది అంకెలైతే గీతలకే 40 దగ్గర కావాలి, అసలు పట్టదు. అప్పుడు ఫాంటు నొక్కడం, 'ష్రింక్ టు ఫిట్' పెట్టడం కాదు, కోడ్ 128 సి సెట్‌కు మారడమే దారి. ఎనిమిది అంకెలకు 20 మిల్లీమీటర్లు కూడా పట్టదు.

ముద్రించేటప్పుడు 'ఫిట్ టు పేజ్' తీసేసి నూటికి నూరు శాతంలోనే ఇవ్వండి. 97 శాతానికి తగ్గిందంటే గీత రెండు చుక్కలు ఉండాల్సిన చోట ఒకసారి ఒకటి, ఒకసారి రెండు పడతాయి. కంటికి తేడా తెలియదు, స్కానర్‌కు తెలుస్తుంది. ఎక్సెల్‌లో పక్క సెల్ నిండి ఉంటే బార్‌కోడ్ చివర కత్తిరించుకుపోతుంది కాబట్టి వరుస వెడల్పు కూడా చూసుకోండి.

రంగు సంగతికొస్తే, దుకాణాల్లోని చాలా స్కానర్ల వెలుతురు ఎరుపు. ఆ వెలుతురులో ఎర్ర గీత, తెల్ల కాగితం ఒకేలా కనిపిస్తాయి. పసుపు, కుంకుమ ప్యాకెట్ల డిజైన్‌లో అందంగా ఉంటుందని ఎర్ర గీతలు అడుగుతారు. వద్దని గట్టిగా చెబుతాను. పసుపు లేదా ఎరుపు నేల మీద నల్ల గీతలు మాత్రం బాగానే చదువుతాయి.

అపోహ: 890తో మొదలయ్యే నంబరు మనమే రాసుకుని ఈఏఎన్ (దుకాణాల్లో అమ్మే సరుకుల మీద ఉండే 13 అంకెల బార్‌కోడ్) ఫాంటులో పెడితే సూపర్ మార్కెట్‌లో అమ్ముకోవచ్చు.

వాస్తవం: వద్దు. ఆ నంబర్లు జీఎస్1 ఇండియా దగ్గర నమోదు చేసుకుని తీసుకోవాలి. మీరు సొంతంగా రాసుకున్న నంబరు ఇప్పటికే ఇంకెవరి సరుకుదో కావచ్చు. 890 అంటే భారత్‌లో తయారైందని కూడా కాదు, నంబరు తీసుకున్న కంపెనీ జీఎస్1 ఇండియాలో నమోదైందని మాత్రమే. మీ దుకాణం లోపలే వాడుకునే లేబుళ్లకైతే 20 నుంచి 29 వరకు మొదలయ్యే నంబర్లను అందుకే వదిలిపెట్టారు, వాటిని వాడుకోండి. సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లకు 978తో మొదలయ్యే ఐఎస్‌బీఎన్ నంబరే బార్‌కోడ్ నంబరు. దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది.

నంబరు చేతికొచ్చాక కూడా ఈఏఎన్-13కు తగిన ఫార్ములా కావాలి. పదమూడో అంకె చెక్ అంకె. ముందున్న పన్నెండింటిలో సరి స్థానాల్లోవి మూడుతో గుణించి, మిగతావాటితో కూడి, పక్క పదికి ఎంత తక్కువో అదే చెక్ అంకె. పైగా మొదటి అంకెకు విడిగా గీతలే ఉండవు. దాని తర్వాతి ఆరు అంకెలను ఏ నమూనాలో గీశారన్నదాన్ని బట్టి స్కానర్ ఆ అంకెను పట్టుకుంటుంది. ధర, తయారీ తేదీ ఇందులో ఉండవు. ధర బిల్లింగ్ కంప్యూటర్లో ఉంటుంది.

అపోహ: స్కానర్ పిచ్చి అక్షరాలు కొడుతోంది, చెడిపోయింది.

వాస్తవం: ముందు మీ కీబోర్డు తెలుగులో ఉందేమో చూడండి. మామూలు యూఎస్‌బీ స్కానర్‌ను కంప్యూటర్ కీబోర్డుగానే చూస్తుంది. అది ఇంగ్లీషు అక్షరం మీట నొక్కితే, తెలుగు లేఅవుట్‌లో ఉన్న కంప్యూటర్ ఆ మీట మీది తెలుగు అక్షరాన్ని వేస్తుంది. మన డీటీపీ సెంటర్లలో రోజూ తెలుగు కొడతాం కాబట్టి ఇది మనకు ఎక్కువగా ఎదురవుతుంది.

అపోహ: ఎక్సెల్ ఫైలు వాట్సాప్‌లో పంపితే ప్రెస్‌లో ముద్రించి ఇస్తారు.

వాస్తవం: వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే గీతల బదులు స్టార్లు, అంకెలే వస్తాయి. వర్డ్‌లో ఫాంటును ఫైలులోనే పొదగమనే ఆప్షన్ ఉంది, ఎక్సెల్‌లో లేదు. పీడీఎఫ్ చేసి పంపండి.

అపోహ: క్యూఆర్ కోడ్‌కు కూడా ఫాంటు వేస్తే సరి.

వాస్తవం: క్యూఆర్ అడ్డంగా, నిలువుగా రెండువైపులా అల్లుకుని ఉంటుంది. అక్షరానికో బొమ్మ అనే పద్ధతి దానికి సరిపడదు. వర్డ్ 2013 నుంచి డిస్‌ప్లేబార్‌కోడ్ అనే ఫీల్డ్ ఉంది. కంట్రోల్, ఎఫ్9 నొక్కి దాన్ని పెట్టొచ్చు. క్యూఆర్, కోడ్ 128, ఈఏఎన్-13 అన్నీ గీస్తుంది, చెక్ లెక్క కూడా తనే చూసుకుంటుంది. మెయిల్ మెర్జ్‌కు మెర్జ్‌బార్‌కోడ్ అనే ఫీల్డ్ వేరుగా ఉంది. ఎక్సెల్ జాబితాను వర్డ్ లేబుల్ షీటుకు కలిపి, ఫాంటు అవసరమే లేకుండా పని ముగించొచ్చు. దీని గురించి చాలామందికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో 6.4 నుంచి క్యూఆర్, 7.3 నుంచి బార్‌కోడ్ కూడా వచ్చాయి కానీ ఒక్కొక్కటిగా చేసుకోవాలి. తెలుగు అక్షరాలు బార్‌కోడ్‌లో పెట్టాలని అడిగేవాళ్లకు కూడా దారి క్యూఆరే.

ఏ పద్ధతిలో చేసినా, ముందు ఒక్క షీటు ముద్రించండి. ఫోన్ కెమెరాతో కాకుండా, రేపు ఆ లేబుళ్లు చదవబోయే స్కానర్‌తోనే నోట్‌ప్యాడ్‌లోకి కొట్టి, ప్రతి నంబరూ జాబితాతో సరిపోయిందా చూడండి. సున్నాతో మొదలయ్యేవి, అన్నిటికన్నా పొడవైనవి ఆ షీటులో తప్పకుండా ఉండాలి.