రైలు వేగాన్ని గంటకు 110 నుంచి 130 కిలోమీటర్లు చేస్తే ఎన్ని నిమిషాలు మిగులుతాయి?

సికింద్రాబాద్ నుంచి విజయవాడ మీదుగా విశాఖపట్నానికి దాదాపు 700 కిలోమీటర్లు. 2023 జనవరిలో మొదలైనప్పుడు వందేభారత్‌కు ఇచ్చిన ప్రయాణ సమయం సుమారు ఎనిమిదిన్నర గంటలు. అంటే సగటున గంటకు 82 కిలోమీటర్లు. ఆ రైలును తయారుచేసింది మాత్రం 180 వేగానికి!

110తో నడిచే రైలును 130తో నడిపితే ప్రతి 100 కిలోమీటర్లకూ మిగిలేది 8 నిమిషాలే. అది కూడా ఎక్కడా తగ్గకుండా పోతేనే. పట్టాల పని జరిగే ఒక్క కిలోమీటరుకు లోకో పైలట్ (రైలు డ్రైవర్) చేతికి 30 వేగంతో పొమ్మని కాషన్ ఆర్డర్, అంటే జాగ్రత్త ఉత్తర్వు వచ్చిందనుకోండి. 24 బోగీల రైలు, ఇంజన్‌తో కలిపి, దాదాపు 600 మీటర్ల పొడవు. చివరి బోగీ దాటేదాకా వేగం పెంచకూడదు కాబట్టి 1.6 కిలోమీటర్లు నెమ్మదిగానే పాకాలి. దానికి 192 సెకన్లు పడుతుంది. 120 వేగంతో అయితే 48 చాలు. ముందు బ్రేకు వేయడానికి, ఆ తర్వాత అంత బరువును మళ్లీ వేగానికి తేవడానికి పోయే సమయం కలిపితే నష్టం సుమారు 4 నిమిషాలు. ఆ 100 కిలోమీటర్లలో ఇలాంటివి రెండు తగిలితే 130తో సంపాదించిందంతా పోయినట్టే. అందుకే గరిష్ఠ వేగం పెంచడం కన్నా ఈ నెమ్మది చోట్లను తగ్గించడమే ముఖ్యమని గట్టిగా చెప్పాలి.

విజయవాడలో మరో చిక్కు ఉంది. కాజీపేట వైపు నుంచి వచ్చిన రైలు విశాఖ వైపు పోవాలంటే దిశ మారాలి. ఇంజన్ విప్పి రెండో కొసకు తగిలించాలి, బ్రేకు గొట్టాలు కలపాలి, గొట్టాల్లో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలకు చేరాక బ్రేకు పరీక్ష చేయాలి. వందేభారత్‌కు రెండు కొసల్లోనూ క్యాబిన్ ఉంటుంది కనుక ఇంజన్ మార్చే పని లేదు. కొన్ని రైళ్లను విజయవాడకు తీసుకురాకుండానే రాయనపాడు దగ్గర పక్కదారిలో మళ్లిస్తారు.

ఇలాంటి ఆలస్యాలను సర్దడానికి టైంటేబుల్‌లోనే, ముఖ్యంగా పెద్ద స్టేషన్ల ముందు, రికవరీ టైం పేరుతో కొన్ని అదనపు నిమిషాలు కలుపుతారు. దారిలో 15 నిమిషాలు ఆలస్యమైన రైలు విజయవాడకు సరైన వేళకు రావడం వెనుక ఉన్నది ఇదే. ఆటంకాలు లేని రోజున ఆ నిమిషాలు మిగులుతాయి గానీ, ప్రయాణికుడికి దక్కవు. ముందే వచ్చిన రైలుకు ప్లాట్‌ఫాం ఖాళీ ఉండకపోతే ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే.