బియ్యం ఉండగానే ధర దాదాపు మూడింతలైన ఏడాది

2008లో ప్రపంచంలో బియ్యానికి కరువేమీ రాలేదు, పైగా అంతకుముందు ఏ ఏడాదీ పండనంత వరి పండింది. అయినా జనవరిలో టన్ను 400 డాలర్ల లోపున్న థాయ్‌లాండ్ బియ్యం ఏప్రిల్ చివరికి 1000 డాలర్ల దాకా పోయింది. పంట బాగుంది, తినే నోళ్ళు నాలుగు నెలల్లో మూడింతలు అవ్వవు కదా, మరి ధర ఎందుకు దాదాపు అంత అయింది? నిత్యావసరాల ధరల గురించి తెలుసుకోవాలంటే ఈ ఒక్క ఏడాది బాగా చదివితే చాలా వరకు అర్థమైపోతుందని నా నమ్మకం.

మొదట అన్నం సంగతి. ఫోన్ ధర పెరిగితే వచ్చే ఏడాది కొందాంలే అనుకుంటాం, బియ్యం ధర పెరిగితే పొయ్యి మీద ఎసరు పెట్టకుండా ఉండం, కూరలో తగ్గించుకుంటాం, పాలు మానేస్తాం, పిల్లల ఫీజు వాయిదా వేస్తాం కానీ బియ్యం కొనాల్సిందే. అందుకే సరుకు కాస్త తగ్గినా ధర చాలా ఎక్కువ పెరగాల్సి వస్తుంది, లేకపోతే ఎవరూ కొనడం తగ్గించరు. 17వ శతాబ్దం చివర్లోనే ఇంగ్లాండులో గ్రెగరీ కింగ్ అనే ఆయన పేరు మీద ఒక లెక్క ఉంది, పంట పదో వంతు తగ్గితే ధర పదిలో మూడు వంతులు పెరుగుతుందని. అంకెలు పంటని బట్టి, దేశాన్ని బట్టి మారతాయి గానీ తీరు మాత్రం ఇప్పటికీ అదే.

రెండోది, బియ్యం ఎక్కడ పండితే ఎక్కువగా అక్కడే తినేస్తారు. ప్రపంచంలో పండే బియ్యంలో దేశాలు దాటి అమ్ముడయ్యేది సుమారు పదో వంతే, గోధుమలో అయితే పావు వంతు దాకా ఉంటుంది. అంటే బియ్యం అంతర్జాతీయ మార్కెట్ చాలా పల్చటిది, రెండు మూడు పెద్ద దేశాలు చెయ్యి వెనక్కి తీసుకుంటే మిగతావాళ్ళకి కొనడానికి పెద్దగా ఏం ఉండదు.

2007లో సరిగ్గా అదే మొదలైంది, అదీ బియ్యంతో కాదు, గోధుమతో. ఆస్ట్రేలియాలో కరువు, క్రూడాయిల్ ధర పైకి పోతోంది, దాంతో పాటు ఎరువులూ (యూరియా తయారయ్యేది ఎక్కువగా సహజవాయువు నుంచే), షిప్పు కిరాయిలూ పెరిగాయి, అమెరికాలో మొక్కజొన్న ఇథనాల్‌కి (పెట్రోల్‌లో కలిపే ఇంధనం) పోతోంది. బయట గోధుమ కొనాలంటే మన ప్రభుత్వానికి మరీ ఖరీదైపోయింది, అందుకని రేషన్‌కి బియ్యం ఆపుకుందామని 2007 అక్టోబర్‌లో బాస్మతి కాని బియ్యం ఎగుమతికి అడ్డుకట్ట వేసింది. అది చూసి వియత్నాం, ఈజిప్ట్, కంబోడియా కూడా బిగించాయి. ఎవరికి వాళ్ళు మా జనం ముందు అనుకున్నారు, అందులో తప్పు పట్టడం కష్టం, కానీ అందరూ ఒకేసారి అనుకునేసరికి మార్కెట్‌లో సరుకే లేకుండా పోయింది.

అటు కొనేవాళ్ళకి భయం పట్టుకుంది. అప్పట్లో బియ్యం దిగుమతిలో ముందున్న ఫిలిప్పీన్స్ ఎంతైనా సరే అన్నట్టు టెండర్ల మీద టెండర్లు పిలిచింది, ఏప్రిల్‌లో అయితే అడిగినంత సరుకు కూడా రాలేదు, వచ్చిన కొటేషన్లు చూసి ధర ఇంకా ఎగిరింది. రైతు వడ్లు అమ్మకుండా ఆగాడు, మిల్లర్ స్టాక్ పెట్టాడు, ఇంట్లో వాళ్ళు ఇంకో బస్తా ఎక్కువ తెచ్చుకున్నారు. ఒక్కొక్కరిది చిన్న జాగ్రత్తే, కోట్ల మంది చేసేసరికి అదే కొరత అయి కూర్చుంది. విల్ మార్టిన్, కిమ్ ఆండర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తర్వాత లెక్కేస్తే, ఆ కాలంలో బియ్యం ధర పెరుగుదలలో దాదాపు 45 శాతం దేశాలు తమని తాము కాపాడుకోడానికి ఎగుమతి, దిగుమతి విధానాల్లో చేసుకున్న మార్పుల వల్లే వచ్చిందని తేలింది.

దెబ్బ ఎవరికి తగిలిందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. హైతీలో ఒకప్పుడు వాళ్ళ బియ్యం వాళ్ళే చాలా వరకు పండించుకునేవాళ్ళు, 1990లలో దిగుమతి సుంకాన్ని 50 శాతం నుంచి 3 శాతానికి తగ్గించాక అమెరికా బియ్యం చవగ్గా వచ్చిపడి అక్కడి రైతులు చితికిపోయారు. 2008 ఏప్రిల్‌లో ఆకలితో జనం రోడ్ల మీదకి వచ్చారు, ప్రాణాలు పోయాయి, ప్రధాని పదవి పోయింది. ఆ సుంకాల విధానం పొరపాటని ఆ రోజుల్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ 2010లో బహిరంగంగా ఒప్పుకున్నారు.

ఇక ధర ఎలా దిగిందో నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. జపాన్ గోదాముల్లో 15 లక్షల టన్నుల దాకా విదేశీ బియ్యం ఉంది, డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఒప్పందం ప్రకారం కొనక తప్పదు, అక్కడి జనానికేమో సొంత బియ్యమే ఇష్టం. మే నెలలో అందులో కొంత ఫిలిప్పీన్స్‌కి అమ్మడానికి జపాన్ సిద్ధమైంది, అందులో తమ బియ్యమూ ఉన్న అమెరికా కూడా అడ్డు చెప్పనంది. ఆ కబురుతోనే ధర పడడం మొదలైంది, ఆ బియ్యం షిప్పు ఎక్కకుండానే! వియత్నాం కొత్త పంట చేతికొచ్చి మళ్ళీ అమ్మడం కూడా కలిసొచ్చింది, ఏడాది చివరికి ధర దాదాపు సగానికి వచ్చేసింది.

2023 జూలై 20న మన దేశం మళ్ళీ తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికాలో తెలుగువాళ్ళు సోనామసూరి బస్తాల కోసం ఇండియన్ స్టోర్లకి పరిగెత్తిన వీడియోలు చాలామంది చూసే ఉంటారు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో అప్పటికి మన వాటా 40 శాతం, పైగా ఎల్‌నినో (మన దగ్గర వానలు తగ్గించే పసిఫిక్ సముద్రపు వేడి) భయం ఒకటి. ఈసారి మాత్రం ధర మూడింతలు కాలేదు, ఎందుకంటే ఉప్పుడు బియ్యాన్ని 20 శాతం సుంకం వేసైనా పోనిచ్చారు, ప్రభుత్వం తరఫున ధాన్యం కొని దాచే ఎఫ్‌సీఐ దగ్గర నిల్వలు ఉన్నాయని లోకానికి తెలుసు. కానీ కాకినాడ పోర్టు నుంచి పశ్చిమ ఆఫ్రికాకి పోయే బియ్యం మీద ఆధారపడ్డ దేశాలకి ఆ 20 శాతం కూడా తక్కువేం కాదు, ఇక్కడ రైతుకేమో బయటి మంచి ధర అందలేదు. ఆ నిషేధం 2024 సెప్టెంబర్‌లో గానీ తీయలేదు.

నన్నడిగితే ఎగుమతి పూర్తిగా ఆపేయడం కన్నా సుంకం వేయడం మేలు, ముందుగా చెప్పి వేస్తే ఇంకా మేలు, కొనే దేశం వేరే దారి చూసుకుంటుంది. నిల్వల సమాచారం పంచుకోడానికి జీ20 దేశాలు 2011లో ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ఐక్యరాజ్యసమితి వాళ్ళ ప్రపంచ ఆహార కార్యక్రమం సాయం కోసం కొనే ధాన్యాన్ని ఎగుమతి ఆంక్షలతో ఆపకూడదని 2022 జూన్‌లో డబ్ల్యూటీఓ దేశాలు ఒప్పుకున్నాయి. ఆ మినహాయింపు సాయం బియ్యానికే, పశ్చిమ ఆఫ్రికా దేశమైన బెనిన్‌లో కూలి డబ్బుతో కిలో బియ్యం కొనుక్కునే మనిషికి ఇంకా వర్తించదు.