చెరువు గర్భంలో ప్లాటు: "రిజిస్ట్రేషన్ అయింది కదా" అనేవారి కోసం

మొన్న సోమవారం ఒకావిడ వచ్చారు. చేతిలో పాలిథిన్ కవరు. అందులో దస్తావేజు, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), ఖాళీ స్థలం పన్ను రసీదు, లేఅవుట్ రంగుల బ్రోచరు. భర్త దుబాయ్‌లో వెల్డింగ్ పని చేస్తాడు. విజయనగరం పక్కన రెండు వందల గజాలు కొన్నారు. ఇంటి ప్లాన్‌కి ముందు హద్దులు కొలిపిద్దామని నా దగ్గరికి వచ్చారు. సర్వే నంబరు చూడగానే నా గుండె జారిపోయింది. ఆ నంబరు నాకు తెలుసు. పాత రికార్డులో అది బంద, అంటే చిన్న చెరువు.

చెప్తే ఆవిడ నమ్మలేదు. "రిజిస్టరాఫీసులో అన్నీ చూసే చేస్తారు కదా బాబూ" అన్నారు.

పదిహేడేళ్లుగా లైసెన్స్ సర్వేయరుగా తిరుగుతున్నాను. ఈ ఒక్క మాట నమ్మి మునిగినంతగా మన దగ్గర జనం ఇంకే మాట వల్లా మునగలేదు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: రిజిస్ట్రేషన్ అయిందంటే భూమి క్లియర్.

కాదు. సబ్ రిజిస్ట్రారు చూసేది పత్రం సరిగ్గా ఉందా, స్టాంపు డ్యూటీ కట్టారా, సంతకం పెట్టింది ఆ మనిషేనా అన్నది. అమ్మేవాడికి హక్కు ఉందా లేదా అని తేల్చడం ఆయన పని కాదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. హక్కు పత్రాలు చూపలేదన్న కారణంతో రిజిస్ట్రేషన్ తిరస్కరించే అధికారం ఇచ్చిన అక్కడి నిబంధనను కొట్టేసింది. అంటే హక్కు చూసుకోవాల్సింది కొనేవాళ్లే.

మరి 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా ఉంది కదా అంటారు. ఉంది. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ భూములు అందులో ఎక్కిస్తారు. ఎక్కిస్తేనే అక్కడ రిజిస్ట్రేషన్ ఆగుతుంది. సర్వే నంబరు మొత్తం కాకుండా ఒక సబ్ డివిజనే ఎక్కినవి, అసలు ఎక్కకుండా మిగిలిపోయినవి నేను చాలా చూశాను. జాబితాలో లేదంటే ఎవరూ ఎక్కించలేదని మాత్రమే అర్థం. పన్ను రసీదు, కరెంటు మీటరు, బ్యాంకు లోను కూడా ఇంతే. వీటిలో ఏ ఒక్కటీ చెరువును జిరాయితీ (సొంత పట్టా భూమి) చెయ్యదు.

అసలు చూడాల్సిన కాగితం వేరే ఉంది. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలా ఊళ్లు పాత జమీందారీ ఎస్టేట్లు. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక ఆ ఊళ్లకు సెటిల్‌మెంట్ జరిగింది. అప్పుడు ఏ నంబరు ఏ రకం భూమో రాసి తయారుచేసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (అందరూ ఎస్‌ఎఫ్‌ఏ అంటారు) మనకు పునాది. చెరువు, బంద, గెడ్డ, వాగు పోరంబోకు అని అందులో రాసి ఉంటే తర్వాత పుట్టిన పది దస్తావేజులూ దాని ముందు నిలబడవు. ఎస్టేటు కాని ఊళ్లకైతే ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) చూడాలి. దాంతోపాటు గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) తీసుకోవాలి. రీసర్వే అయిన ఊళ్లలో ఇప్పుడు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. కొత్త నంబరు చూసి మురిసిపోవద్దు. అది ఏ పాత సర్వే నంబరులోంచి వచ్చిందో పట్టుకుని వెనక్కి వెళ్లండి.

ఆవిడతో కలిసి స్థలానికి వెళ్లాను. పైన రెండడుగులు గ్రావెల్ పోసి చదును చేశారు. గునపంతో ఒక మూల తవ్వించాను. గ్రావెల్ దిగగానే నల్లమట్టి, అందులో నత్తగుల్లలు, తుంగగడ్డల వేళ్లు. ఆవిడ ఒక గుల్ల తీసి, మట్టి తుడిచి, చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు. తూర్పున వరసగా తాటిచెట్లున్న మిట్ట పాత గట్టు. ఆ గట్టు కిందే చెరువు నీళ్లు వదిలే మదుం రాయి సగం పూడిపోయి కనిపిస్తోంది. ఇంతకన్నా ఏం చెప్పను?

"ఎండిపోయి ఇరవై ఏళ్లయింది, ఇంకేం చెరువు?" అని పక్క ప్లాటాయన వాదించాడు. నీళ్లు లేనంత మాత్రాన భూమి వర్గీకరణ మారదు. పైగా అది దానంతట అది ఎండలేదు. నీళ్లు తెచ్చే గెడ్డ మీద రోడ్డు వేసి, చిన్న తూముతో సరిపెట్టారు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపానుకి ఆ తూము చాలక నీళ్లు రోడ్డు దాటి పాత దారినే పట్టుకుని నేరుగా లేఅవుట్‌లోకి వచ్చాయి. నాలుగు రోజులు నిలబడ్డాయి.

చెరువు ఫుల్ ట్యాంక్ లెవెల్ (నిండినప్పుడు నీరు చేరే హద్దు) లోపల ఏదీ కట్టకూడదు. 2017 భవన నిర్మాణ నిబంధనల్లో ఆ హద్దు నుంచి బయటికి కూడా దూరం పెట్టారు. పది హెక్టార్లు (సుమారు పాతికెకరాలు), అంతకు మించిన చెరువులైతే 30 మీటర్లు. చిన్నవాటికి 9 మీటర్లు. "తర్వాత ఎల్‌ఆర్‌ఎస్‌లో (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) డబ్బు కట్టేద్దాం" అనే బ్రోకర్ల మాట వినొద్దు. నీటి వనరుల్లో వేసిన లేఅవుట్లకు ఎల్‌ఆర్‌ఎస్ వర్తించదు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిందీ ఇలాంటి సంగతే: పంజాబ్‌లో ఒక ఊరి చెరువు పూడ్చి ఇళ్లు కట్టారు. ఎన్నేళ్లుగా ఉంటున్నా, ఎంత ఖర్చు పెట్టినా క్రమబద్ధీకరించడం కుదరదని కోర్టు తేల్చేసింది. గ్రామ ఉమ్మడి భూముల్లోని ఆక్రమణలు తీయించమని అన్ని రాష్ట్రాలకూ ఆదేశమిచ్చింది.

ఇప్పటికే కొన్నవాళ్లకు ఒక్క మాట. మీరు తప్పు చేయలేదు, సిగ్గుపడి దాచుకోవద్దు. ఇల్లు మొదలుపెట్టకండి. అమ్మినవాడి మీద ఏం చేయొచ్చో లాయరుతో మాట్లాడండి. గడువులు ఉంటాయి, ఆలస్యం చేయొద్దు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి పరిధి) అంటే 500 మీటర్లలో ఊరు లేపేస్తారు." భోగాపురం, పూసపాటిరేగ వైపు మత్స్యకారుల ఊళ్లకు వెళ్తే పెద్దవాళ్లు నిద్ర పట్టడం లేదని చెప్తుంటారు. ఈ పుకారు పుట్టించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. హైటైడ్ లైన్ (పెద్ద పోటుకి సముద్రం నీరు చేరే గీత) నుంచి 500 మీటర్లు నియంత్రణ ఉన్న మేర, అంతే. పల్లె ప్రాంతాల్లో కొత్త కట్టడాలు వద్దన్న మేర 200 మీటర్లు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న ఊళ్లకు దాన్ని 50కి తగ్గించింది. అనుమతితో ఉన్న పాత ఇంటిని అదే కొలతలో బాగుచేసుకోవచ్చు. ఆ హైటైడ్ లైను ఈరోజు అల ఎక్కడిదాకా వచ్చిందో చూసి గీసేది కాదు, ఆమోదించిన మ్యాపులో ఉంటుంది. ఇంకో సంగతి, చంపావతి కోనాడ దగ్గర కలిసేచోట, నాగావళి, వంశధార మొగల దగ్గర పోటునీరు ఎక్కినంత మేర నది ఒడ్డుకూ సీఆర్‌జెడ్ ఉంటుంది.

"జిరాయితీ పట్టా నాది, నది ఒడ్డున నా ఇష్టం." భూమి మీదే, సాగు చేసుకోండి. ఇల్లు కట్టాలంటే నది హద్దు నుంచి మున్సిపాలిటీ బయట 100 మీటర్లు, లోపలైతే 50 వదలాలి.

"బీల, తంపర అంటే పనికిరాని భూమి." ఇవి నీరు నిలిచే పల్లపు చిత్తడి నేలలు. సోంపేట బీలను బీడు అని కాగితాల మీద రాసి థర్మల్ ప్లాంటుకిచ్చారు. 2010 జులై 14న కాల్పుల్లో ఇద్దరు పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ పర్యావరణ అనుమతి రద్దు చేసింది. ఆ బీల నీళ్ల మీద చుట్టుపక్కల ఎన్ని ఊళ్లు వరి, చేపలు, గడ్డి తెచ్చుకుంటాయో అక్కడివాళ్లను అడగండి.

"లోతుకు వెళ్తే మంచినీళ్లు పడతాయి." తీరంలో ఇది పూర్తిగా తలకిందులు. ఇసుకలో మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైన నీటిమట్టం సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తుంటే కింద సుమారు నలభై అడుగుల మంచినీరు నిలుస్తుంది. ఆ ఒక్క అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పు ఆ నలభై అడుగులూ పైకి వస్తుంది. పాత నుయ్యి తియ్యగా ఉండి కొత్త బోరు ఉప్పగా రావడానికి కారణం ఇదే. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద బోరుకి అనుమతి తీసుకోమనేది, ప్రజల మంచినీటి వనరుకు 250 మీటర్లలో అనుమతి లేకుండా తవ్వొద్దనేది గుర్తుంచుకోండి. రొయ్యల చెరువుకి ఉప్పునీరు పెట్టే ముందు పక్కింటి నుయ్యి ఎంత దూరంలో ఉందో చూడండి.

ప్లాటు చూసుకున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఎస్‌ఎఫ్‌ఏ నకలు తెచ్చుకోండి. తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెడితే కొన్నాళ్లు పడుతుంది, పట్టనివ్వండి. ఆ లోపు ఒక పెద్దవానకి గొడుగేసుకుని వెళ్లి నీళ్లు ఎటునుంచి ఎటు పోతున్నాయో చూసి రండి. పక్క ఊళ్లో పశువులు కాసే ముసలాయన ఉంటే, "తాతా, ఇక్కడ ముందు ఏముండేది?" అని అడగండి.